1960ల టెస్కో గిటార్ మరమ్మతు డైరీ: స్విచ్ దగ్గర మొదలై మూడో తీగ దగ్గర తేలింది

జపాన్‌లోని హమామత్సులో ఒక పాత సామాన్ల షాపులో, ‘జంక్’ అని చీటీ కట్టి మూలన నిలబెట్టిన ఎలక్ట్రిక్ గిటార్ ఇది. ఇక్కడ జంక్ అంటే పనిచేస్తుందని షాపు మాట ఇవ్వదు, తిరిగి తీసుకోదు. ధర 16,500 యెన్‌లు. హెడ్‌స్టాక్ (తీగలు బిగించే తల భాగం) మీద లోహపు అక్షరాల్లో టెస్కో అనే జపాన్ కంపెనీ పేరు ఉంది. ఇంగ్లిష్ స్పెల్లింగ్ చూసి చాలామంది ‘టీస్కో’ అంటారు కానీ జపనీయులు పలికేది టెస్కో అనే.

ఇలాంటి గిటార్ చేతికొచ్చినవాళ్లు నేను పాడుచేసినవి పాడుచేసుకోకూడదని ఈ డైరీ. కొలతలన్నీ ఈ ఒక్క గిటార్‌వి. మీది మీరు కొలుచుకోండి.

దశ 0: విప్పకముందు కొలిచినవి

1. జీరో ఫ్రెట్ (ఫ్రెట్ అంటే అడ్డంగా ఉన్న లోహపు మెట్టు, జీరో ఫ్రెట్ అన్నిటికన్నా ముందుది) నుంచి 12వ ఫ్రెట్‌కి 317.5 మి.మీ. రెట్టింపు చేస్తే తీగ పొడవు 635 మి.మీ.
2. 12వ ఫ్రెట్ దగ్గర ఆరో తీగ (అన్నిటికన్నా లావైనది) ఎత్తు 4.2 మి.మీ. వాయించగలిగే ఎత్తు 2 మి.మీ. చుట్టుపక్కల ఉండాలి.
3. తీగలు ఐదే ఉన్నాయి, తుప్పు పట్టి. మొదటి తీగ లేదు.
4. రెండు పికప్‌లు (తీగ కదలికని కరెంటు సంకేతంగా మార్చే భాగాలు). నెక్ (మెడ) వైపుది మూగ. బ్రిడ్జ్ (ఒంటి మీద తీగలు ఆనే కడ్డీ) వైపుది బరబరమంటోంది.
5. ట్రెమొలో (తీగల బిగువు మార్చి స్వరాన్ని ఊపే అమరిక) ఉంది, దాని కడ్డీ లేదు.

పనులన్నిటిలోకీ తెలివైన పని ఆ రోజే చేశాను, చేస్తున్నానని తెలియకుండానే. తీగలు కత్తిరించే ముందు హెడ్‌స్టాక్ నుంచి బ్రిడ్జ్ దాకా దగ్గరగా పదిహేడు ఫోటోలు తీశాను. వాటి అవసరం దశ 5లో వచ్చింది.

ఖర్చు ఇప్పటిదాకా: 16,500 యెన్‌లు. పని: 1 గంట.

దశ 1: మరలు, స్విచ్‌లు, నేను తప్పు చోట పెట్టిన మీటర్

పైపలక విప్పడంలోనే మొదటి దెబ్బ తగిలింది. ఇంట్లో ఉన్న మామూలు ఫిలిప్స్ స్క్రూడ్రైవర్ పెట్టి తిప్పితే రెండు మరల తలలు అరిగిపోయాయి. జపాన్ మరల తల మీద ప్లస్ ఆకారపు గుంట చూడ్డానికి ఫిలిప్స్‌లాగే ఉంటుంది కానీ లోపలి వంపు వేరు. వాటికి జేఐఎస్ (జపాన్ పారిశ్రామిక ప్రమాణం) గుర్తున్న స్క్రూడ్రైవర్ కావాలి. 650 యెన్‌లు పెట్టి కొన్నాక మిగిలిన పదకొండు మరలూ ఒక్కటి కూడా జారకుండా వచ్చాయి. పాత జపాన్ వస్తువు ఏది విప్పాలన్నా ముందు ఇది కొనండి. గిటార్ అయినా కుట్టుమిషన్ అయినా సరే.

పైపలక ఎత్తగానే లోపల కనిపించింది గిటార్ కంటే ఎక్కువగా రేడియో. గుడ్డ తొడుగు వైర్లు, గట్టిగా మెలిపెట్టి వేసిన టంకాలు, పికప్‌కి ఒకటి చొప్పున ఆన్-ఆఫ్ స్విచ్. ఎందుకలా ఉందో కంపెనీ పుట్టుక చూస్తే తెలుస్తుంది.

టెస్కో 1946లో, యుద్ధం ముగిసిన మరుసటి ఏడాది, టోక్యోలో మొదలైంది. పెట్టినవాళ్లు ఇద్దరు. కనెకో అత్సువో హవాయియన్, స్పానిష్ గిటార్‌లో పేరున్న వాద్యకారుడు. మత్సుదా దోర్యూ ఎలక్ట్రికల్ ఇంజినీర్. కంపెనీకి పెట్టిన పేరులో గిటార్ ఊసే లేదు: అఓయి ఓంపా కెంక్యూజో. ఓంపా అంటే ధ్వని తరంగం, కెంక్యూజో అంటే పరిశోధనశాల. 1956లో అది నిప్పోన్ ఓంపా కోగ్యో అయింది, 1964లో టెస్కో కంపెనీ అయింది. అప్పట్లో జపాన్‌లో హవాయియన్ సంగీతానికి మంచి గిరాకీ. ఒళ్లో పెట్టుకుని వాయించే స్టీల్ గిటార్లు, వాటికి ఆంప్లిఫైయర్లు, ఇవీ తొలి సరుకు. అంటే వీళ్లు చెక్కపనిలోంచి కరెంటులోకి వచ్చినవాళ్లు కాదు, కరెంటులోంచి చెక్కపనిలోకి వచ్చినవాళ్లు. మరమ్మతు కూడా ఆ వరసలోనే చెయ్యాలి. ఇది నాకు ఆలస్యంగా అర్థమైంది.

ఇక తప్పు విషయం. నెక్ పికప్ మూగగా ఉంది కదా అని జాక్ (ఆంప్లిఫైయర్ వైరు గుచ్చే చోటు) దగ్గర మల్టీమీటర్ పెట్టాను. బ్రిడ్జ్ పికప్ ఒక్కటే ఆన్ చేస్తే 6.3 కిలో ఓమ్‌లు. నెక్ పికప్ ఒక్కటే ఆన్ చేస్తే ఏమీ లేదు, మీటర్ మీద ఓఎల్, అంటే దారి ఎక్కడో తెగి ఉందని. ‘పికప్ లోపలి రాగి చుట్టు తెగిపోయింది’ అని నిర్ణయించేసుకుని, ఆ రాత్రే పికప్ విప్పేశాను. అదే దశ 2.

మూడు రోజుల తర్వాత తెనాలిలో ఉన్న మా బాబాయికి వీడియో కాల్‌లో చూపించాను. ఆయన ఇరవై ఏళ్లు వాల్వు రేడియోలు, తర్వాత టేప్‌రికార్డర్లు బాగుచేశాడు. గిటార్ ఎప్పుడూ ముట్టుకోలేదు.

“ఆ తెల్ల మీట ఏంట్రా?”

“స్విచ్, బాబాయ్. ఆ పికప్ ఆన్ చేసేది.”

“మరి దానికి ఇవతల కొలిచావా, అవతల కొలిచావా?”

నేను కొలిచింది జాక్ దగ్గర, అంటే స్విచ్ దాటాక. స్విచ్ కాళ్ల మీద మీటర్ పెట్టి ఆన్ చేస్తే అక్కడే ఓఎల్ వచ్చింది. అరవై ఏళ్ల చిలుము. అసలు జబ్బు స్విచ్‌ది. ఆ సరికే పికప్ బల్ల మీద ముక్కలుగా పడి ఉంది.

స్విచ్ బాగుచేసిన వరస:

1. కాంటాక్ట్ క్లీనర్ కొట్టి యాభైసార్లు అటూ ఇటూ నొక్కాను. రీడింగ్ 180 ఓమ్‌లకు దిగింది, కానీ నిలకడ లేదు.
2. మళ్లీ కొట్టాను. 90, 240, 60. క్లీనర్ ఒక్కదానితో అయ్యే పని కాదని తేలింది.
3. రేకు పెట్టెకున్న నాలుగు మడతలు చిన్న స్క్రూడ్రైవర్‌తో లేపి స్విచ్ తెరిచాను. స్ప్రింగ్ ఎగిరిపోకుండా పారదర్శకమైన ప్లాస్టిక్ సంచి లోపల పెట్టి తెరవండి.
4. విజిటింగ్ కార్డు సన్నగా కత్తిరించి, క్లీనర్‌లో తడిపి, కాంటాక్టుల మధ్య లాగాను. కార్డు నల్లబడటం ఆగేదాకా, తొమ్మిదిసార్లు.
5. శాండ్‌పేపర్ వాడొద్దు. పైపూత పోతే మళ్లీ చిలుము ఇంకా తొందరగా పడుతుంది.
6. మడతలు మూశాక 0.3 ఓమ్. యాభైసార్లు నొక్కినా అదే.

వాల్యూమ్ గుబ్బల కింది పొటెన్షియోమీటర్లు 500 కిలో ఓమ్‌లవి, కొలిస్తే 430, 460. వాటిని కదపలేదు. టోన్ కెపాసిటర్ మీద 0.05 మైక్రోఫారడ్ అని ఉంది, కొలిస్తే 0.058. అదీ అలాగే ఉంచాను. పాతదైందని దేన్నీ మార్చలేదు, పనిచేయకపోతేనే మార్చాను.

ఖర్చు: స్క్రూడ్రైవర్ 650, క్లీనర్ 980. మొత్తం 18,130. పని: 7 గంటలు.

దశ 2: బంగారు రేకు పికప్, నేనే తెంపిన తీగ

ఈ పికప్‌ల పైమూత చిల్లులున్న లోహపు చట్రం. చట్రం కింద బంగారు రంగు రేకు మెరుస్తూ ఉంటుంది. అందుకే ప్రపంచమంతా వీటిని గోల్డ్ ఫాయిల్ అంటారు. అమెరికన్ గిటారిస్టు రై కూడర్ తన స్ట్రాటోకాస్టర్ (ఫెండర్ కంపెనీ గిటార్)లో టెస్కో గోల్డ్ ఫాయిల్ ఒకటి బిగించుకున్నాక వీటి విలువ మారిపోయింది. గిటార్ కంటే పికప్‌లకే ఎక్కువ పలుకుతుంది. దాంతో జనం మంచి గిటార్లను విప్పి, పికప్‌లు విడిగా అమ్మి, ఒళ్లు పారేస్తున్నారు. ఆ పని చేయొద్దని చేతులు జోడించి అడుగుతున్నాను. ఆ ధ్వని పికప్ ఒక్కదానిదే కాదు.

లోపల రబ్బరులా వంగే పల్చటి అయస్కాంతం, దాని చుట్టూ 0.05 మి.మీ. రాగి తీగ. తల వెంట్రుక కంటే సన్నం. నేను 60 వాట్ల సోల్డరింగ్ ఐరన్‌ని 400 డిగ్రీల మీద పెట్టి పైమూత టంకం కరిగించాను. మూత ఊడింది, దాంతోపాటు చుట్టు బయటి కొస కూడా తెగింది. చప్పుడేమీ కాలేదు. మీటర్ మీద ఓఎల్. ఈసారి నిజంగానే.

రెండు సాయంత్రాలు కొస దొరకలేదు. దొరికాక చేసింది ఇది:

1. బల్ల మీద నల్ల కాగితం పరిచి, పక్కనుంచి టార్చి వేశాను. నిలువు వెలుగులో రాగి కనిపించదు, ఏటవాలు వెలుగులో కనిపిస్తుంది.
2. పాత టేప్ జిగురు మీద నుంచి కొసను రంగులద్దే బ్రష్‌తో లేపాను. పట్టకారు వాడితే మళ్లీ తెగింది, రెండుసార్లు.
3. పాడైన భాగం పోయేదాకా 40 చుట్లు విప్పాను.
4. ఇప్పటి తీగల పూత చాలావాటికి టంకం వేడికే కరిగిపోతుంది. ఈ పాత ఎనామెల్ కరగలేదు. 1000 నంబరు శాండ్‌పేపర్ ముక్కను మడిచి, మధ్యలో తీగ పెట్టి, బరువు పెట్టకుండా మూడుసార్లు లాగితే రాగి బయటపడింది.
5. ఐరన్ 320 డిగ్రీలు. టంకం ఒక్క సెకను.
6. అతుకు మీద టేప్, దాని పైన కొత్త వైరు ఒక మలుపు తిప్పి కట్టాను. ఎవరైనా వైరు లాగినా బరువు అతుకు మీద పడకూడదని.

40 చుట్లు పోతే ధ్వని మారుతుందేమోనని భయపడ్డాను. లెక్క వేశాను. చుట్టుకి దాదాపు 15 సెం.మీ. చొప్పున 6 మీటర్లు. ఈ తీగకి మీటరుకి సుమారు 8.5 ఓమ్‌లు. పోయింది 51 ఓమ్‌లు. చివరి రీడింగ్ 5.94 కిలో ఓమ్‌లు, అంటే వందలో ఒక వంతు కూడా పోలేదు. చెవికి తేడా తెలియదు.

ఈ దశలో తగ్గించుకోగలిగింది మొత్తం పధ్నాలుగు గంటలు. మీటర్‌ని స్విచ్‌కి అవతలి వైపు పెట్టి ఉంటే ఈ దశే ఉండేది కాదు.

ఖర్చు: సన్నటి టంకం 540. మొత్తం 18,670. పని: 21 గంటలు.

దశ 3: నెక్ వాలు

తీగల ఎత్తు 4.2 మి.మీ. బ్రిడ్జ్ పూర్తిగా దించినా 3.6 దగ్గర ఆగిపోయింది. నెక్ నిటారుగానే ఉంది. నెక్ లోపల దాన్ని నిటారుగా ఉంచే ఉక్కు రాడ్ సంగతి కాదు, నెక్ ఒంట్లో కూర్చున్న కోణం సంగతి.

ఇది నాలుగు మరలతో బిగించిన నెక్. ఆ పద్ధతి వల్లే ఈ గిటార్లు అన్ని వేలల్లో ఓడలెక్కాయి. జాక్ వెస్ట్‌హైమర్ అనే అమెరికన్ వ్యాపారి 1960 ప్రాంతంలో వీటిని దిగుమతి చేయడం మొదలుపెట్టాడు. 1964 నుంచి వైస్ కంపెనీ ద్వారా టెస్కో డెల్ రే అనే పేరుతో అక్కడ అమ్ముడయ్యాయి. ఒకే ఫ్యాక్టరీ సరుకు వేరేవేరే పేర్లతో కూడా వెళ్లింది. అక్కడి పిల్లలకు అమ్మానాన్నలు కొనిచ్చిన మొదటి గిటార్ చాలా ఇళ్లలో ఇదే. అందుకే చవకబారు అనే ముద్ర పడింది. షికాగో బ్లూస్ గిటారిస్టు హౌండ్ డాగ్ టేలర్ ఇలాంటి చవక జపాన్ గిటార్‌తోనే జనాన్ని కుర్చీల్లోంచి లేపాడు. ముద్ర వేసినవాళ్లు ఆయన్ని విన్నట్టు లేరు.

నెక్ గుంట పొడవు 65 మి.మీ. గుంట లోపలి చివర 0.8 మి.మీ. ఎత్తిస్తే ఫ్రెట్‌బోర్డు గీత బ్రిడ్జ్ దగ్గర సుమారు 3.1 మి.మీ. పైకి వస్తుంది. ఎలాగంటే, నెక్ ఒంటిని కలిసే చోటు నుంచి బ్రిడ్జ్‌కి 252 మి.మీ., 252ని 65తో భాగించి 0.8తో గుణించాలి. 12వ ఫ్రెట్ దగ్గర దాని ఫలితం సగం, 1.5 మి.మీ.

మొదటి ప్రయత్నంలో విజిటింగ్ కార్డు మూడు మడతలు చివర పెట్టాను. ఎత్తు దిగింది. కానీ వారంలో కార్డు నలిగి 0.3 మి.మీ. తిరిగి పెరిగింది. పైగా నెక్‌కీ గుంటకీ మధ్య ఖాళీ ఉండిపోయి, చివరి ఫ్రెట్లు మెల్లగా పైకి లేవడం మొదలైంది.

రెండోసారి:

1. 1 మి.మీ. చెక్క వెనీర్ గుంట కొలతకి కత్తిరించాను.
2. గాజు పలక మీద శాండ్‌పేపర్ అంటించి, వెనీర్‌ని ఒక వైపే ఒత్తుతూ రుద్దాను. ఒక చివర 0.8, రెండో చివర సున్నా.
3. ఫీలర్ గేజ్‌తో మూడు చోట్ల కొలిచాను: 0.8, 0.42, 0.05.
4. మరల చోట్ల చిల్లులు వేసి, జిగురు పెట్టకుండా కూర్చోబెట్టాను. రేపు ఎవరైనా తీసేయాలంటే తీసేయగలగాలి.

12వ ఫ్రెట్ దగ్గర ఆరో తీగ 2.6 మి.మీ. బ్రిడ్జ్ 1.2 దించితే 2.0.

ఖర్చు: వెనీర్ 300, ఫీలర్ గేజ్ 700. మొత్తం 19,670. పని: 26 గంటలు.

దశ 4: జీరో ఫ్రెట్

టెస్కోలలో తీగ నట్ (హెడ్‌స్టాక్ మొదట్లో తీగలు దాటే పట్టీ) మీద ఆనదు. నట్ కేవలం దారి చూపుతుంది, తీగ ఆనేది దాని ముందున్న జీరో ఫ్రెట్ మీద. వీణ మెట్టు తెలిసినవాళ్లకి ఇది వెంటనే అర్థమవుతుంది: మొదటి మెట్టు కంటే ముందు ఇంకో మెట్టు. నాకు ఇది చాలా నచ్చిన పద్ధతి. వదిలేసిన తీగా నొక్కిన తీగా ఒకే లోహం మీద మోగుతాయి కాబట్టి రెండిటి స్వరమూ ఒకేలా ఉంటుంది.

కానీ అరవై ఏళ్లలో ఆ ఫ్రెట్ మీద గాళ్లు పడ్డాయి, లోతు 0.25 మి.మీ. తీగ బిగిస్తుంటే గాడిలో పట్టుకుని, ఒక్కసారిగా టింగుమని జారుతోంది. శ్రుతి నిలవదు.

పాతది తీసి, బజారులో దొరికిన ఫ్రెట్ వైరు వేశాను. దాని ఎత్తు 1.2 మి.మీ. పక్క ఫ్రెట్లది 0.9. కొలిచాను, తేడా తెలుసు, అయినా ‘కొంచెం ఎత్తుంటే గరగరలాడదులే’ అనుకున్నాను. ఫలితం: మొదటి ఫ్రెట్ దగ్గర ఆరో తీగ 14 సెంట్లు ఎక్కువ మోగింది. సెంటు అంటే పక్కపక్క స్వరస్థానాల మధ్య దూరంలో నూరో వంతు. వేలితో తీగని అంత లోతుకి నొక్కాల్సి వస్తే అది సాగి శ్రుతి పెరుగుతుంది.

ఆకురాయితో కొద్దికొద్దిగా దించాను. 1.1కి వచ్చాక 9 సెంట్లు. 1.0కి వచ్చాక 5. 0.95 దగ్గర 3, అక్కడ ఆపాను. ఆ పైన ఆకురాయి ఆడిన ప్రతి చోటా పైభాగం గుండ్రం చేసి, 600, 1000, 2000 నంబర్ల కాగితాలతో నునుపు చేశాను. ఫ్రెట్‌కి రెండు పక్కలా చెక్క మీద టేప్ అంటించడం మర్చిపోవద్దు.

ఖర్చు: ఫ్రెట్ వైరు 1,200, గుండ్రటి ఆకురాయి 3,400. మొత్తం 24,270. పని: 35 గంటలు.

దశ 5: మూడో తీగ

ఎక్కువ కాలం తిన్నది ఇదే. ఐదు వారాలు.

కొత్త తీగలు వేశాను, ఇప్పుడు అందరూ వాడే 10-46 సెట్టు (సన్నని, లావైన తీగల మందం, అంగుళంలో వెయ్యో వంతుల్లో). 12వ ఫ్రెట్ దగ్గర నొక్కి, ట్యూనర్‌తో చూసిన తేడాలు, సెంట్లలో:

ఆరో తీగ +3, ఐదో తీగ +2, నాలుగో తీగ +1, మూడో తీగ +10, రెండో తీగ +4, మొదటి తీగ 0.

మూడో తీగ ఒక్కటే దారి తప్పింది. ఏ కార్డ్ (కలిపి మోగించే స్వరాల గుంపు) వాయించినా మధ్యలో ఒక స్వరం పుల్లగా తగులుతుంది. బ్రిడ్జ్ మొత్తం ఒకే తిన్నని కడ్డీ. తీగకొక జీను (తీగ ఆనే చిన్న ముక్క) విడిగా లేదు, ఒక్క తీగనే వెనక్కి జరపడం కుదరదు.

చేసిన ప్రయత్నాలు, వరసగా:

1. లెక్క ప్రకారం 635 మి.మీ. తీగకి బ్రిడ్జ్ 1 మి.మీ. వెనక్కి జరిపితే 2.7 సెంట్లు తగ్గుతుంది. 10 సెంట్లకి 3.7 మి.మీ. జరిపాను. మూడో తీగ సరిపోయింది, మిగిలిన ఐదూ పడిపోయాయి.
2. బ్రిడ్జ్‌ని ఏటవాలుగా తిప్పాను. ఆరో తీగ −6, మూడోది ఇంకా +7.
3. తీగల సెట్టు చెడ్డదేమోనని ఇంకో రెండు సెట్లు మార్చాను. మూడో తీగ +9, +11.
4. తీగకొక జీనున్న కొత్త బ్రిడ్జ్ కొన్నాను, 2,900 యెన్‌లు. దాని కాళ్ల మధ్య దూరం 74 మి.మీ., దీని చిల్లుల మధ్య దూరం 68. ఒంటికి కొత్త చిల్లులు వేయాలి.

డ్రిల్లు మిషన్‌కి ముక్కు కూడా బిగించాను. చిల్లు ఎక్కడ పెట్టాలో పాత స్థానం చూసి గుర్తుపెట్టుకుందామని మొదటి రోజు ఫోటోలు తెరిచాను. బ్రిడ్జ్ దగ్గరి ఫోటో పెద్దది చేసి చూస్తుంటే కనిపించింది. తుప్పు పట్టిన ఐదు తీగల్లో మూడోది నున్నగా లేదు. సన్నటి చుట్టు చుట్టిన తీగ. మడతల మధ్య తుప్పు చుక్కలు చుక్కలుగా, చీమలబారులా ఉంది.

డ్రిల్లు పక్కన పెట్టేశాను.

ఈ గిటార్ చేసిన రోజుల్లో సెట్టులో మూడో తీగ చుట్టు తీగే. చుట్టు తీగలో లోపలి ఉక్కు సన్నగా ఉంటుంది, నొక్కితే శ్రుతి తక్కువ పెరుగుతుంది. నున్నటి మూడో తీగ లావు ఉక్కు, నొక్కితే ఎక్కువ పెరుగుతుంది, దానికి బ్రిడ్జ్ దగ్గర ఎక్కువ వెనకడుగు కావాలి. ఆ కడ్డీని తిన్నగా చేసినవాళ్లు తెలియక చేయలేదు. వాళ్ల ముందున్న తీగలకి అదే సరి.

ఆ రోజుల్లో ఇక్కడ ఏం వాయించేవారో కూడా చూడాలి. 1965 జనవరిలో అమెరికన్ బృందం ది వెంచర్స్ జపాన్ పర్యటన దేశాన్ని ఊపేసింది. ఎలక్ట్రిక్ గిటార్‌కి ‘ఎలెకి’ అని ముద్దుపేరు స్థిరపడింది. లావు తీగల మీద మీటును వేగంగా ఆడిస్తూ కిందికి జారే ఆ ధ్వనిని ఇప్పటికీ ‘తెకెతెకె’ అంటారు. ఆ గోలకి పెద్దలు ఎంత బెదిరారంటే, తొచిగి ప్రాంతంలోని అషికాగా పట్టణ విద్యామండలి అదే ఏడాది పిల్లలకు ఎలెకి గిటార్లు వద్దని నిషేధం పెట్టింది. తెకెతెకె లావు తీగల మీదే పలుకుతుంది. 10-46 మీద నేను ఎంత ఆడించినా అది రాకపోవడానికి కారణం నా చెయ్యొక్కటే కాదని అప్పుడు తెలిసింది.

ఆ ఊపు ఎక్కువ కాలం నిలవలేదు. ఫ్యాక్టరీలు పెరిగాయి, గిరాకీ తగ్గింది. 1967లో టెస్కోని పియానోల కంపెనీ కవాయ్ కొనేసింది. కవాయ్ ఊరు ఈ హమామత్సే. టోక్యోలో పుట్టిన పేరు నేను ఉంటున్న ఊరికి వచ్చింది అలా. కొన్నేళ్లకి గిటార్ల మీద ఆ పేరు ఆగిపోయింది. 1980ల మొదట్లో కవాయ్ అదే పేరు సింథసైజర్ల మీద వేసింది. ధ్వని తరంగాల పరిశోధనశాల అని మొదలైన పేరుకి అది తగిన చోటే అనిపిస్తుంది నాకు.

మూడో తీగ చుట్టు తీగగా ఉన్న 11-50 సెట్టు తెప్పించాను. 1,150 యెన్‌లు. బ్రిడ్జ్‌ని ఫోటోలో ఉన్న పాత స్థానానికే, చెక్క మీది మసక గుర్తుకే తెచ్చాను. 12వ ఫ్రెట్ దగ్గర:

ఆరో తీగ +3, ఐదో తీగ +2, నాలుగో తీగ +2, మూడో తీగ +2, రెండో తీగ +4, మొదటి తీగ +1.

ట్యూనర్ తప్పు చూపిస్తోందేమోనని రెండుసార్లు చూశాను. అదే.

లావు తీగల బిగువుకి నెక్ కొంచెం వంగింది. మధ్యలో సందు 0.2 నుంచి 0.35 మి.మీ.కి పెరిగింది. రాడ్ ఎనిమిదో వంతు తిప్పి, ఒక రాత్రి ఆగి కొలిస్తే 0.22. ఒకేసారి ఎక్కువ తిప్పొద్దు. పాత రాడ్ విరిగితే నెక్ పోయినట్టే.

ఖర్చు: 10-46 సెట్లు మూడు 2,400, వాడని బ్రిడ్జ్ 2,900, చుట్టు మూడో తీగ సెట్టు 1,150. మొత్తం 30,720. పని: 57 గంటలు. ఇందులో 5,300 యెన్‌లు ఫోటో ముందే చూసుంటే మిగిలేవి.

దశ 6: హమ్

హమ్ అంటే ఇంటి కరెంటు వల్ల స్పీకర్లో వినిపించే గుయ్‌మనే మోత. ఇది తొందరగా అయిపోయింది. సింగిల్ కాయిల్ (ఒకే రాగి చుట్టున్న) పికప్‌లు కాబట్టి కొంత హమ్ సహజం. హమామత్సు కరెంటు 60 హెర్ట్జ్, టోక్యోది 50. ఒకే దేశంలో రెండు. మొదట్లో టోక్యో జర్మన్ జనరేటర్లు, ఒసాకా అమెరికన్ జనరేటర్లు కొన్నందువల్ల వచ్చిన తేడా ఇది. టోక్యో కంపెనీ గిటార్ ఇక్కడ కొంచెం పై శ్రుతిలో హమ్ చేస్తుంది.

1. తీగ ముట్టుకుంటే హమ్ తగ్గాలి. తగ్గలేదు. తీగకీ జాక్ బయటి అంచుకీ మధ్య ఓఎల్.
2. ట్రెమొలో రేకు కింద ఎర్త్ వైరు తుప్పుతో తెగి ఉంది. రేకు కింద గీకి కొత్త వైరు టంకం వేశాను. 0.4 ఓమ్.
3. పైపలక లోపల రాగి టేప్ అంటించి దాన్నీ ఎర్త్‌కి కలిపాను.
4. ఫోన్‌లో రికార్డు చేసి చూస్తే హమ్ మట్టం −41 నుంచి −52 డెసిబెల్‌కి దిగింది.

ఖర్చు: రాగి టేప్ 880. మొత్తం 31,600. పని: 61 గంటలు.

ఇంకా మిగిలినవి

ట్రెమొలో కడ్డీ దొరకలేదు. దాని చిల్లు 5.5 మి.మీ., లోపల మర గాడులు లేవు, పక్క నుంచి చిన్న మర బిగిస్తుంది. అదే లావు కడ్డీ తెచ్చి వంచాలి. తల అరిగిన రెండు మరలు, పాత జీరో ఫ్రెట్, ఎర్త్ వైరు ముక్క ఒక కవర్లో వేసి, ఈ కొలతల కాగితంతో పాటు గిటార్ పెట్టెలో పెట్టాను. నా తర్వాత దీన్ని విప్పేవాళ్లకి ఏది అసలుదో, ఏది నేను మార్చిందో తెలియాలి.

నిన్న రాత్రి బాబాయికి వీడియో కాల్‌లో వాయించి వినిపించాను. ఆరో తీగ మీద తెకెతెకె, నా చేతికి వచ్చినంత. ఆయన ఫోన్ చెవి దగ్గర పెట్టుకున్నట్టున్నాడు, తెర నిండా చెవే.

“పాట సరే. ఆ మీట ఒకసారి నొక్కు.”

నొక్కాను. ఆపాను. మళ్లీ నొక్కాను.

“ఇంకో నాలుగుసార్లు.”

నొక్కాను.

“చప్పుడు లేదురా,” అన్నాడు.